రొయ్య పిల్ల ఆగదు, లైటునే ఆపాలి

రొయ్య పిల్లను పుట్టించి పెంచే హేచరీలో, బతికున్న పిల్లను చూసే మైక్రోస్కోపు బొమ్మ మసగ్గా వస్తుంటే జనం ముందుగా చేసే పని బల్బు మార్చడం. ఒక వాటు ఎల్ఈడీ తీసి మూడు వాట్లది పెడతారు, అదీ చాలదంటే పది వాట్లది. సరుకు అమ్మేవాళ్లు కూడా అదే సలహా ఇస్తారు, వాళ్ల దగ్గర ఉన్నది అదే మరి. బల్బు పెద్దదైతే బొమ్మ తెల్లబడుతుంది గానీ తేటపడదు. ఆ మసక వెలుతురు చాలక వచ్చింది కాదు, పిల్ల కదలడం వల్ల వచ్చింది.

నాకు నెల్లూరులో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల ప్యానెళ్లు బాగుచేసే కొట్టు ఉంది. మైక్రోస్కోపు జోలికి నేను పోయేవాణ్ణి కాదు. మా అక్క కొడుకు మైపాడు వైపు ఒక వనామి రకం రొయ్యల హేచరీలో ల్యాబ్ చూస్తాడు. వాడే ఒకరోజు ఫోన్లో వీడియో పెట్టి మొదలెట్టాడు.

"మామా, ఇది ఒక్క క్షణం నిలబడదు. చంపి చూస్తే ముళ్లు కనపడతాయి, ఈత కనపడదు. బతికుండగా చూస్తే ఈత కనపడతది, ముళ్లు కనపడవు. ఎట్ట చచ్చేది?"

వాడి బాధ అర్థం కావాలంటే నాప్లి గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుడ్డులోంచి బయటపడిన రొయ్య పిల్లను నాప్లియస్ అంటారు, హేచరీలో అందరూ నాప్లి అనే పిలుస్తారు. దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. ఆ దశలో మేత తినదు, ఒంట్లో ఉన్న సొన మీదే బతుకుతుంది. ఉన్న మూడు జతల అవయవాలనూ ఒక్కసారిగా వెనక్కి విసురుతుంది, ఆగుతుంది, మళ్లీ విసురుతుంది. దాని ఈతే అంత. తోక చివర ముళ్లు ఎన్ని జతలు వచ్చాయో చూసి అది నాప్లిలో ఏ మెట్టులో ఉందో చెబుతారు. తర్వాతి దశ అయిన జోయాలోకి మారగానే దానికి ఆల్గే మేత కావాలి, ఆ టైముకు కీటోసెరాస్ అనే ఆల్గే పెంచే ట్యాంకు సిద్ధంగా ఉండాలి. అందుకని ముళ్ల లెక్క తప్పితే మేత లెక్క కూడా తప్పుతుంది.

మావాడి ఓనరు హైస్పీడ్ కెమెరా కొందామా అని కూడా అడిగాడట. సెకనుకు వేల ఫ్రేములు తీసేవి లక్షల్లో ఉంటాయి. పైగా వాటికి ఇంకా బలమైన లైటు పెట్టాలి, ఆ వేడికి స్లయిడు మీది నీటిచుక్క ఎంతసేపు నిలుస్తుంది? మనకు కావలసింది సెకనుకు వేల బొమ్మలు కాదు, మసక లేని బొమ్మ ఒక్కటి. దానికి కెమెరా వేగంగా ఉండక్కర్లేదు, లైటు వేగంగా వెలిగి ఆరిపోతే చాలు. చీకట్లో కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉన్నా, లైటు వెలిగిన ఆ కాస్త సమయమే ఫొటోలో పడుతుంది.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1851లో ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ గిరగిరా తిరిగే చక్రానికి ఒక న్యూస్‌పేపర్ ముక్క అంటించి, చీకటి గదిలో కరెంటు నిల్వ చేసే లేడెన్ జాడీల నుంచి కరెంటు మెరుపు పుట్టించి, అక్షరాలు చదివేలా ఫొటో తీశాడు. ఆ కాలపు కెమెరాలకు వేగమైన షట్టర్లే లేవు. తర్వాత 1930లలో అమెరికాలో ఎంఐటీ ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ గ్యాసు గొట్టాల ఫ్లాషుతో అదే పనిని సెకనుకు ఎన్నోసార్లు చేయగలిగాడు. ఎల్ఈడీల విషయానికొస్తే, 2010లో జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్‌లో విల్లెర్ట్ బృందం ఒక పేపరు వేసింది. మామూలు పవర్ ఎల్ఈడీలను వాటి రేటింగుకు మించిన కరెంటుతో అతి చిన్న పల్సులుగా వెలిగించి, ప్రవాహాల వేగం కొలవడానికి లేజర్ల బదులు వాడుకోవచ్చని అందులో చూపించారు. వాళ్లు చూసింది గాలీ నీళ్లూ, మేం చూస్తున్నది నాప్లి. సర్క్యూట్ ఆలోచన మాత్రం ఒకటే.

మరి లైటు ఎంతసేపు వెలగాలి? చాలామంది ఇక్కడే తొందరపడి నానోసెకన్లంటూ మొదలుపెడతారు. నానోసెకన్ల పల్సు తయారుచేయడం నిజంగా కష్టం, ఖర్చు కూడా. మన అవసరం అంత దూరం పోదు. పిల్ల సెకనుకు 5 మిల్లీమీటర్లు జరిగిందనుకుందాం. మామూలు వీడియోలో ఒక్కో ఫ్రేముకు కెమెరా సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే, ఆ లోపు పిల్ల 83 మైక్రాన్లు జరుగుతుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంటే దాని ఒంట్లో దాదాపు ఆరో వంతు. మసక రాకేం చేస్తుంది! అదే లైటు 100 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) మాత్రమే వెలిగితే జరిగేది అర మైక్రాను. 10ఎక్స్ ఆబ్జెక్టివ్, అంటే పది రెట్లు పెంచి చూపే లెన్సు, విడదీసి చూపించగలిగిందే 1.3 మైక్రాన్ల దాకా కాబట్టి అర మైక్రాను జరిగినా దానికి తెలియదు. కాకపోతే కాళ్ల కొసలు ఒంటికంటే బాగా వేగంగా కదులుతాయి. వాటికి పది రెట్ల వేగం వేసుకుంటే 20 మైక్రోసెకన్లకు ఒక మైక్రాను జరుగుతాయి. అక్కడితో సరిపోయింది. మా గురి 20 మైక్రోసెకన్లు. అంతకంటే కుదించితే డబ్బు దండగ, వెలుతురూ దండగ.

వెలుతురు సంగతి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. సెకనులో 60వ వంతు అంటే 16,667 మైక్రోసెకన్లు. అందులో 20 మాత్రమే వెలిగిస్తున్నాం, అంటే కెమెరాకు అందేది దాదాపు 800 వంతుల్లో ఒక వంతు. దీన్ని ఎక్కడెక్కడి నుంచి రాబట్టుకోవాలో లెక్క వేసుకున్నాను. మైక్రోస్కోపు నాబ్ మామూలుగా పదో వంతు దగ్గర ఉంటుంది, అక్కడొక పది రెట్లు దొరికింది. 700 మిల్లీఆంపియర్ల ఎల్ఈడీకి 4.7 ఆంపియర్లు ఇస్తే కరెంటు ఆరేడు రెట్లయినా వెలుతురు అంత పెరగదు, కరెంటు ఎక్కువయ్యే కొద్దీ ఎల్ఈడీ సామర్థ్యం పడిపోతుంది. నాలుగు రెట్లని వేసుకున్నాను. కెమెరా గెయిన్, అంటే అందిన వెలుతురును పెంచి చూపే సెట్టింగు, మరో నాలుగు రెట్లు. మిగిలిన అయిదు రెట్లు లెన్సు ఇవ్వాలి. చవక మైక్రోస్కోపుల్లో ఎల్ఈడీ మీద పాల రంగు ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటుంది. వెలుతురు సమంగా పరుచుకోవడానికి పెట్టిందే గానీ, సగానికి పైగా వెలుతురును అదే మింగేస్తుంది. దాన్ని తీసేసి జూమ్ టార్చిలైట్లో ఉండే గుండు లెన్సు పెట్టాను. ఎల్ఈడీకి అది ఎంత దూరంలో ఉంటే కండెన్సర్ (వెలుతురును స్లయిడు మీదికి కూర్చే లెన్సు) నిండుతుందో చేత్తో జరిపి చూసుకోవడమే. 1893లో ఆగస్ట్ కోలర్ చెప్పిన, వెలుతురు సమంగా పరిచే పద్ధతికి ఇది పేద చుట్టం, అయినా పని జరిగిపోతుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. నాప్లి వెలుతురు వైపు ఈదుతుంది. హేచరీల్లో ట్యాంకుకు లైటు చూపించి, బలంగా పైకొచ్చిన పిల్లనే పట్టుకునేది అందుకే. ఎప్పుడూ వెలుగుతూ ఉండే లైటు కింద పిల్లంతా ఆ వెలుగు మచ్చలోకే వచ్చి మూగుతుంది. ఒక్కోసారి 20 మైక్రోసెకన్లే వెలిగే లైటును సెకనుకు 30 సార్లు కొట్టించినా, మొత్తం కలిపి సెకనులో వెయ్యో వంతు కూడా వెలగదు. స్లయిడు వేడెక్కదు, పిల్ల కూడా ఒకవైపే పరిగెత్తడం తగ్గిందని మావాడు అంటాడు.

ఇక సర్క్యూట్. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

కరెంటు వెళ్లే దారి చాలా సాదాగా ఉంటుంది. 12 వోల్టుల నుంచి 100 ఓంల రెసిస్టర్ ద్వారా ఒక 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ నిండుతుంది. ఆ కెపాసిటర్ నుంచి 1.7 ఓంలు, ఎల్ఈడీ, మోస్‌ఫెట్, గ్రౌండు. మోస్‌ఫెట్ ఇక్కడ స్విచ్, దాన్ని తెరిచి మూసేది ఆర్డ్యూనో అనే చిన్న ప్రోగ్రాం బోర్డు. మిద్దె మీది ట్యాంకు సన్న పైపుతో నిదానంగా నిండి, కింద కుళాయి తిప్పగానే దబదబా పోస్తుందే, ఇదీ అంతే. 12 వోల్టుల్లో ఎల్ఈడీ మీద దాదాపు 4 వోల్టులు పోతే మిగిలిన 8 వోల్టులు 1.7 ఓంల మీద పడతాయి, కరెంటు 4.7 ఆంపియర్లు. 20 మైక్రోసెకన్లలో కెపాసిటర్ నుంచి బయటికి పోయేది 94 మైక్రోకూలుంబులు, దానివల్ల వోల్టేజి 0.2 మాత్రమే తగ్గుతుంది. పల్సు మొదట్లో ఎంత వెలుగుందో చివర కూడా దాదాపు అంతే ఉంటుంది.

ఆ 100 ఓంల రెసిస్టర్ పెట్టడానికి అసలు కారణం వేరే ఉంది. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోయి మోస్‌ఫెట్ ఆన్‌లోనే ఉండిపోయిందనుకోండి. మామూలుగానైతే రెప్పపాటులో ఎల్ఈడీ మాడిపోతుంది. ఇక్కడ కెపాసిటర్ ఒక్కసారి ఖాళీ అయ్యాక ఎల్ఈడీకి అందేది 90 మిల్లీఆంపియర్లే. నింపాదిగా వెలుగుతూ కూర్చుంటుంది. కాపలా పని సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పడం నాకు నచ్చదు, రెసిస్టర్ ఎప్పుడూ హ్యాంగ్ కాదు. ఈ రెసిస్టర్ మాత్రం 2 వాట్లది వేయండి, అలా ఇరుక్కున్నప్పుడు దాని మీద ముప్పావు వాటుకు పైనే పడుతుంది.

1.7 ఓంల కోసం నాలుగు 6.8 ఓంల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు పక్కపక్కన కలిపాను. తెల్లటి సిమెంటు రెసిస్టర్ వేయొద్దు, లోపల తీగ చుట్టి ఉంటుంది, అది కరెంటు గబుక్కున లేవకుండా అడ్డుపడుతుంది. కెపాసిటర్ కొత్తది, లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువున్న) రకం తీసుకోండి. పాత ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) బోర్డుల నుంచి పీకినవి చాలావరకు ఎండిపోయి ఉంటాయి.

మోస్‌ఫెట్‌కు నేను వేరే వెతుక్కోలేదు. ఇన్వర్టర్ రిపేరు చేసే ఏ కొట్టులోనైనా ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ ఉంటుంది. ఆర్డ్యూనో ఇచ్చే 5 వోల్టులకు అది పూర్తిగా తెరుచుకోదు కాబట్టి పేరులో ఎల్ ఉన్న లాజిక్ లెవెల్ రకమే కొనమని నెట్లో అందరూ రాస్తారు. నిజమే, కానీ ఆ రకం కొన్నా తిప్పలు తప్పవు. ఆర్డ్యూనో పిన్ను ఇవ్వగలిగే 20 మిల్లీఆంపియర్లతో దాని గేటు (స్విచ్‌ను తెరిచే కాలు) నిండడానికి రెండు మైక్రోసెకన్లు పైనే పడుతుంది. అదే మధ్యలో టీసీ4420 అనే గేట్ డ్రైవర్ ఐసీ ఒకటి వేసి 12 వోల్టులు ఇస్తే, కొట్టులో ఉన్న మామూలు మోస్‌ఫెట్టే టక్కున తెరుచుకుంటుంది, టక్కున మూసుకుంటుంది. ఆ ఐసీ మాత్రం నెల్లూరులో దొరకలేదు. చెన్నైలో రిచీ స్ట్రీట్‌కు వేరే పని మీద పోయినప్పుడు తెచ్చుకున్నాను. ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది.

తీగల పొడుగు గురించి ఒక మాట. తీగకు మీటరుకు ఒక మైక్రోహెన్రీ చొప్పున ఇండక్టెన్స్ ఉంటుందని ఉజ్జాయింపుగా అనుకోవచ్చు. డ్రైవర్ నుంచి ఎల్ఈడీకి ఒక అడుగు తీగ పోయి వస్తే 0.6 మైక్రోహెన్రీ, దాంతో కరెంటు లేవడానికి ఒక మైక్రోసెకను పడుతుంది. 20 మైక్రోసెకన్ల పల్సుకు అది ఒక లెక్కలోది కాదు. ఇబ్బందంతా ఆరేటప్పుడు. 4.7 ఆంపియర్లు ఉన్నట్టుండి ఆగితే ఆ తీగలోని శక్తి మోస్‌ఫెట్ మీదికి పెద్ద వోల్టేజిగా ఎగబడుతుంది. దానికి ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే, వెంటనే పోనిచ్చేది) అడ్డం వేయాలి. తీగలు రెండూ మెలిపెట్టి పంపితే ఇంకా మంచిది.

ఎల్ఈడీ దగ్గర పిసినారితనం వద్దు. బల్బుల రిపేరుకు వాడే చవక చిప్పుల్లో లోపలి బంగారు తీగ వెంట్రుకకంటే సన్నంగా ఉంటుంది, 5 ఆంపియర్లకు కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. డేటాషీట్ దొరికే కంపెనీ ఎల్ఈడీ, మధ్యలో పలక మిల్లీమీటరు వెడల్పుండేది తీసుకుంటే నూటయాభైకి అటూ ఇటూ అవుతుంది. తెల్ల ఎల్ఈడీలో పసుపు పొడి ఆరడానికి ఆలస్యం చేస్తుందేమోనని అనుమానం రావచ్చు. ఆ ఫాస్ఫర్ వెలుగు వంద నానోసెకన్లలోపే చాలావరకు పడిపోతుంది, మన 20 మైక్రోసెకన్లకు అది అడ్డు కాదు. కరెంటు పెంచినప్పుడు తెలుపు కాస్త నీలం తిరుగుతుంది, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఒకసారి ఫ్లాషు కిందే సరిచేసుకోవాలి.

ఆసిలోస్కోపులో (కరెంటును గీతగా చూపే పరికరంలో) పల్సు చక్కగా కనపడగానే పని అయిపోయిందనుకోకూడదు, చూడాల్సింది వెలుతురును. వెలుతురును కరెంటుగా మార్చే బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ ఒకటి 10 వోల్టుల రివర్స్‌లో పెట్టి, కిలో ఓం రెసిస్టర్ మీద స్కోపు తగిలించి, మైక్రోస్కోపు స్టేజి మీదే పెట్టాను. కరెంటు గీత, వెలుతురు గీత ఒకదాని మీద ఒకటి వాలి కూర్చున్నాయి. ఈ పరీక్షకు వందలోపు ఖర్చు.

కెమెరా దగ్గరే అసలు తలనొప్పి. మామూలు యూఎస్‌బీ కెమెరాలు దాదాపు అన్నీ రోలింగ్ షట్టర్వి. బొమ్మనంతా ఒకేసారి చూడవు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కోటీ ఆలస్యంగా తెరుచుకుంటూ పోతాయి. ఫ్లాషు ఒక్క క్షణమే కాబట్టి, అప్పుడు తెరిచి ఉన్న వరసలకే వెలుతురు పడుతుంది. సగం బొమ్మ, సగం నలుపు. ఇందుకని వరసలన్నీ ఒకేసారి తెరిచే గ్లోబల్ షట్టర్ కెమెరానే కొనాలంటారు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లు చేసేవాళ్లు 2023లో తెచ్చినది ఉంది, సోనీ ఐఎంఎక్స్296 సెన్సర్, 16 లక్షల పిక్సెళ్లు, బయటి నుంచి ట్రిగర్ కూడా ఇచ్చుకోవచ్చు. డబ్బుంటే అదే కొనండి, నేనేం వద్దనను.

మావాడి దగ్గర ఉన్న పాత కెమెరాతోనే గడపాలంటే దారి ఉంది. దాని వరసలన్నీ చదవడానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది. ఎక్స్‌పోజర్‌ను 100 మిల్లీసెకన్లకు పెంచితే, అందులో 67 మిల్లీసెకన్ల పాటు అన్ని వరసలూ ఒకేసారి తెరిచి ఉంటాయి. ఆ కిటికీలో ఫ్లాషు పడితే బొమ్మ పూర్తిగా వస్తుంది. కెమెరాతో సింక్ కూడా అక్కర్లేదు. సెకనుకు పదిసార్లకు కాస్త అటూ ఇటూగా ఫ్లాషు దానిపాటికది కొడుతూ ఉంటే, మూడింట రెండు ఫ్రేములు నిండుగా వస్తాయి, మూడోది చీలిపోతుంది. చీలినవి తీసేయడమే. ఒక్కటే షరతు, ఆ 100 మిల్లీసెకన్లలో ట్యూబ్‌లైటు వెలుగు లోపలికి రాకూడదు. స్టేజి చుట్టూ నల్ల గుడ్డ కప్పి, మైక్రోస్కోపు మెడ దాకా లాగి రబ్బరు బ్యాండు వేశాం. ఫోకస్ చేసుకోవడానికి అదే ఎల్ఈడీకి 470 ఓంల ద్వారా ఒక స్విచ్ పెట్టాను. అది ఆన్ చేస్తే సన్నగా ఎప్పుడూ వెలుగుతుంది, ఫోకస్ కుదిరాక ఆపేసి ఫ్లాషులోకి మారాలి.

మొదటి మంచి ఫ్రేము చూసి మావాడు మాట్లాడలేదు, జూమ్ చేసుకుంటూ పోయాడు. నాప్లి కాళ్లు వెనక్కి విసిరే మధ్యలో దొరికింది. కాళ్ల మీది సన్న వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుని ఒక్కోటీ విడిగా కనపడుతున్నాయి. ఇంకో ఫ్రేములో కాళ్లు ముందుకు తెచ్చుకుంటోంది, అక్కడ అవే వెంట్రుకలు కాలికి అతుక్కుపోయి ఉన్నాయి. నీటిని తోసేటప్పుడు విప్పి, తిరిగి తెచ్చుకునేటప్పుడు ముడుస్తుందన్నమాట. వాడికి ఇది పుస్తకంలో తెలిసిందే, కళ్లారా చూడటం మాత్రం అప్పుడే. తోక ముళ్లు రెండు పక్కలా వేలు పెట్టి లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. "చంపకుండానే మామా" అన్నాడు. ఇప్పుడు జోయాలకు కూడా అదే వాడుతున్నాడు. పేగు నిండుగా ఉందా, వెనకాల మలం దారం ఎంత పొడుగు వేలాడుతోంది అని చూసి మేత సరిపోతుందో లేదో చెబుతారు కదా, ఈదుతున్న జోయాలో ఆ దారం ఇప్పుడు తెగకుండా ఒక గీతగా వస్తోంది.

దీంతో కాని పనులు కూడా చెప్పాలి. ఈహెచ్‌పీ, తెల్లమచ్చ లాంటి రొయ్య జబ్బులు తేల్చుకోవాలంటే పీసీఆర్ చేయించాల్సిందే, ఫొటో ఎంత తేటగా ఉన్నా అది ఆ పని చేయదు. ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపుకు ఈ ఫ్లాషు చాలదు, అక్కడ తిరిగొచ్చే వెలుతురే అతి తక్కువ, 20 మైక్రోసెకన్లలో చేతికి ఏమీ రాదు. 40ఎక్స్ మీద కూడా బొమ్మ నల్లబడుతోంది, అక్కడ పల్సు 60 మైక్రోసెకన్లకు పెంచుకుని కాస్త మసకకు ఒప్పుకోవాలి.

ఖర్చు చూస్తే కెమెరా, మైక్రోస్కోపు కాకుండా అంతా కలిపి వెయ్యి రూపాయల లోపు. సముద్రం పక్కన ఉప్పుగాలికి రాగి గీతలు నెలల్లోనే పచ్చబడతాయి, అందుకని బోర్డు మీద రెండు పూతలు వార్నిష్ కొట్టి, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. దీనికి ఏరియేటర్ల జనరేటర్ లైను నుంచి కాకుండా ల్యాబ్ యూపీఎస్ నుంచి కరెంటు ఇవ్వండి.

కొత్తపట్నం వైపు హేచరీ నుంచి ఒకాయన కూడా ఇలాంటిది చేసిమ్మని అడిగారు. ఆయన మైక్రోస్కోపుకు కెమెరా పెట్టే మూడో గొట్టం లేదు, ఐపీసులో కంటితోనే చూస్తారు. కంటికి ఇది పనికిరాదు. సెకనుకు పది, ఇరవై మెరుపుల్ని నేరుగా చూస్తే కళ్లు గుంజుతాయి, మూర్ఛ ఉన్నవాళ్లకు ఆ వేగంలో మెరిసే లైటు ఫిట్స్ తెప్పించవచ్చు. ముందు ఐపీసులో దిగే కెమెరా ఒకటి కొనుక్కోమన్నాను, ఎక్స్‌పోజర్ చేత్తో మార్చుకునే వీలున్నది చూసి మరీ.